పెరియప్ప మైదానం, దామోదరం గోడ

మా చిన్నప్పుడు... ఫిల్మ్‌నగర్‌లో మా బస్తీ మైదానాన్ని దామోదరం మింగేశాడు. పేరు పెట్టే రాస్తున్నాను. మింగినవాడు పరాయివాడైతే ఇన్నేళ్ళు కడుపు మండేది కాదు... మా పెరియప్ప చేతి అన్నం తిని పెరిగినవాడు.

పెరియప్ప అంటే తమిళంలో పెదనాన్న. బస్తీ పిల్లలందరికీ ఆయన పెరియప్పే. అసలు పేరు షణ్ముగం. ఫౌజులో హవల్దారుగా చేసి, సరిహద్దు మంచులో కాలివేళ్ళు పోగొట్టుకుని రిటైరయ్యాడు. సినిమా కంపెనీలు మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివస్తుంటే, లైట్లు మోసేవాళ్ళు, సెట్లకు రంగులేసే మా నాన్నలాంటివాళ్ళు వాటి వెంటే వచ్చి ఈ బండల మధ్య గుడిసెలు వేసుకున్నారు. పెరియప్ప బావమరిదిని చూసిపోదామని వచ్చి, మా అవస్థ చూసి, భార్యనూ ముగ్గురు కూతుళ్ళనూ తెచ్చుకుని ఇక్కడే ఉండిపోయాడు.

బయటివాళ్ళకు మేం 'అరవోళ్ళం'. బడిలో చేర్చుకోమంటే రేపు రమ్మనేవాళ్ళు. ఒకరోజు పెరియప్ప ఫౌజు కోటు తొడుక్కుని, మా పిల్లలందరినీ వరుసగా యూసుఫ్‌గూడ బడికి నడిపించాడు. హెడ్మాస్టరు ముందు సెల్యూట్ కొట్టి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు, పొమ్మంటే పోడు... మా పేర్లు రాసుకున్నాకే చెయ్యి దించాడు.

ఇక మైదానం... బండలు దొర్లించి, ముళ్ళకంప కొట్టి, దాన్ని చదును చేసింది మావాళ్ళ చేతులే. చెమట చిందినవాడిది కాకపోతే నేల ఇంకెవడిది?

ఫౌజులో పండగరోజు ఆఫీసరూ సిపాయీ ఒకే పంక్తిలో కూర్చుని తింటారట. దాన్ని బడాఖానా అంటారు. పెరియప్ప దాన్ని మాకు ప్రతి ఆదివారం పెట్టించాడు. ఇంటికో గిన్నె రావాలి. ఆడవాళ్ళు ముందు కూర్చోవాలి, మగవాళ్ళు వడ్డించాలి. నాన్న సాంబారు బకెట్టుతో తడబడుతుంటే, అమ్మ కావాలనే మళ్ళీ మళ్ళీ పిలిచి పోయించుకునేది.

ఇంకో నియమం కూడా ఉండేది. షూటింగుకు వెళ్ళినవాడి పళ్ళెం వడ్డించి, మూతపెట్టి పక్కనుంచాలి. "డ్యూటీలో ఉన్నోడు తినకుంటే మనం తిన్నట్టు కాదురా" అనేవాడు పెరియప్ప.

ఎక్కువసార్లు ఆ మూతపెట్టిన పళ్ళెం దామోదరానిదే. అమ్మానాన్న లేని దామోదరాన్ని పెరియప్పే పెంచాడు. అదే మైదానంలో పందిరి వేయించి పెళ్ళి చేశాడు. తర్వాత అతను ప్రొడక్షన్ మేనేజరయ్యాడు... తెల్లచొక్కా వచ్చింది, జూబ్లీహిల్స్ బంగళాల్లోకి రాకపోకలు వచ్చాయి.

ఒకనాడు కోట సెట్టు వేయడానికి మైదానం అడిగాడు. "గుమ్మడికాయ కొట్టగానే ఊడబీకేస్తాం పెరియప్పా. మీ ఆదివారాలు మీవే."

సినిమావాళ్ళు షూటింగు మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ, ముగించేటప్పుడు గుమ్మడికాయ కొడతారు. గుమ్మడికాయ పగిలాక సెట్టు నిలిచి ఉండటం మావాళ్ళెవరూ చూడలేదు. అందుకే నమ్మారు. దాము మాట ఇచ్చాడు, చాలన్నాడు పెరియప్ప.

మైదానం చుట్టూ కోటగోడ లేస్తుంటే అమ్మకు అనుమానమొచ్చింది. సెట్టుకు పునాది ఎందుకని అడిగింది. నాన్న నవ్వేశాడు. ఫైటర్లు పైనుంచి దూకాలి, అట్టగోడ మీంచి దూకుతారా అన్నాడు... దామోదరం చెప్పిన మాటే అది. ఆ గోడకు ప్లాస్టర్ పూసి, నాచు పట్టిన కోటరాళ్ళలా రంగులేసింది మా నాన్నలే. గోడకు కాపలా కాసే సినిమా సైనికులు మా బస్తీ కుర్రాళ్ళే... వాళ్ళకు కవాతు నేర్పింది పెరియప్పే.

గుమ్మడికాయ పగిలింది. మరుసటి ఆదివారం ఆడవాళ్ళు గిన్నెలతో, మగవాళ్ళు పలుగులతో బయల్దేరారు. నాన్న ఒక్క పోటు పొడిచాడు. రంగురాయి పెచ్చులుగా రాలింది... వెనక ఇటుక చెక్కుచెదరలేదు. కొత్త ఇనపగేటుకు తాళం ఉంది.

కొండమీద మేకలు కాసే యాదమ్మ అది చూసి నోరు నొక్కుకుంది. "మీరే గడితిరి, మీరే రంగులేస్తిరి, ఇగ మీరే ఏడుస్తుండ్రా? గిట్లాంటోళ్ళను నేనేడ సూడలే."

నాన్న పలుగు కింద పడేశాడు.

దామోదరం గేటు దాకా వచ్చాడు. తాళం తీయలేదు. స్థలం పెద్దవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయిందనీ, ఫంక్షన్ హాలు కడతారనీ, తను జీతగాణ్ణేననీ ఊచల సందుల్లోంచి ఏదేదో చెప్పాడు. పెరియప్ప అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని ఎంత కోరుకున్నానో...

"తిన్నావా దామూ?" అన్నాడు.

దామోదరం తల దించుకుని లోపలికి పోయాడు.

ఆరోజు బడాఖానా గోడ బయట, రోడ్డుపక్కన జరిగింది. పెరియప్ప ఒక పళ్ళెం వడ్డించి, మూతపెట్టి, గేటు దగ్గర ఉంచాడు. ఆ తర్వాత ఆదివారం కూడా... ఆయన పోయేదాకా. ఒక్కసారీ ఆ గేటు తెరుచుకోలేదు. ఆయన వెళ్ళాక పంక్తీ ఆగిపోయింది.

ఇప్పుడు ఆదివారమొస్తే ఎవరిల్లు వాళ్ళం తలుపేసుకుని, టీవీ ముందు కూర్చుని తింటున్నాం... పక్కింటివాళ్ళు తిన్నారో లేదో కూడా తెలియదు.

ఇదంతా ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే... ఈ ఆదివారం ఆ ఫంక్షన్ హాల్లో దామోదరం పెరియప్ప ఫోటోకు దండేస్తాడట. 'బస్తీ పెద్ద' అని పొగుడుతాడట. మా ఇంటికీ పిలుపొచ్చింది. అన్నం పెట్టిన మనిషి పోయాక ఆయన ఫోటోకు దండేయడం ఎంత సులువు...

మీ వాడలోనూ ఇలా గోడ వెనక్కి పోయిన జాగా ఉంటే, అక్కడ మీరేం ఆడారో, ఎవరితో కూర్చుని తిన్నారో కింద రాయండి. ఆ గుర్తులైనా ఎవడి గేటులోపలికీ పోకూడదు.

మా బస్తీవాళ్ళకు మాత్రం ఒక్కమాట. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు, గోడ బయట, రోడ్డువైపు. ఇంటికో గిన్నె తెండి. వడ్డించేది మగవాళ్ళే. పెరియప్ప ఉంటే దామోదరానికీ ఒక పళ్ళెం మూతపెట్టి ఉంచేవాడు... నేను ఉంచను. ఆకలైతే ఆ తాళం తీసి, బయటికొచ్చి, మాతో పాటు నేలమీద కూర్చోమనండి.