తొమ్మిదేళ్లని నిజం రాసినందుకు

ఒక బొమ్మల సంస్థ, తొమ్మిదేళ్ల పాప వయసును తొమ్మిదేళ్లనే రాసినందుకు, ఆ పాప బొమ్మను పనికిరాకుండా చేసింది. ఆ బొమ్మ పెట్టె మీద "ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు" అని అచ్చువేసింది ఆ సంస్థే. వయసు అబద్ధం రాసిన పిల్లల బొమ్మలు ఈ రోజుకీ పనిచేస్తున్నాయి. ఈ మాటల్లో దేన్నీ ఆ సంస్థ ఇంతవరకు కాదనలేదు.

వయసు రాసింది పాప తల్లి. పద్దెనిమిదేళ్లుగా ఆమె కోర్టు వరండా చివర, మేడమెట్ల కింద కూర్చుని అఫిడవిట్లు టైపు చేస్తోంది. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చి చాలా కాలమైనా వకీళ్లకూ బంట్రోతులకూ ఆమె ఇంకా టైపక్కే. మెట్ల కింద చోటు కాబట్టి అక్కడ ఎవరైనా నిటారుగా లేస్తే తలకు తగులుతుంది. మాలాంటి కొత్త జూనియర్ వకీళ్లం దెబ్బ తిని తల రుద్దుకుంటూ ఉంటే ఆమె తెర మీంచి చూపు తిప్పకుండానే, "కోర్టు హాల్లో ఎలాగూ వంచరు, ఇక్కడన్నా కాస్త తల వంచండి బాబూ" అంటుంది.

ఆమె పద్ధతి ఒకటుంది. కక్షిదారు ఎవరైనా సరే, సంతకం పెట్టే ముందు కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా పైకి చదివి వినిపిస్తుంది. పంక్తి కింద వేలు జరుపుతూ చదువుతుంది, ఎదురుగా ఉన్నది అక్షరం ముక్క రాని మనిషైనా. వయసు దగ్గర ఆగి మూడుసార్లు అడుగుతుంది. తొందరలో ఉన్న వకీళ్లు పళ్లు నూరుతారు. పక్క బల్లల మీద నాలుగు కాగితాలు పూర్తయ్యే సమయానికి ఆమె దగ్గర రెండే పూర్తవుతాయి.

దానికి కారణం ఉంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఇళ్లలో బట్టలుతికే ఒకామె తన అద్దె గది ఖాళీ చేయించకుండా ఆపమని కోర్టుకు వచ్చింది. వయసెంతని అడిగితే నలభై ఉంటాయేమో అంది. టైపక్క నలభై అని కొట్టేసింది. మిగతా కాగితాల్లో నలభై నాలుగు ఉంది. సొంత వయసే సరిగా చెప్పని మనిషి మాట ఏ విషయంలో నమ్మాలని అవతలి వకీలు అడిగాడు. న్యాయమూర్తి నమ్మలేదు. గది పోయింది. "ఆ నాలుగేళ్లు మింగింది ఆమె కాదు, నేను" అని టైపక్క ఒక్కసారి అంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇక బొమ్మ సంగతి. గుప్పిట్లో పట్టేంత బొచ్చు జంతువు. ఎలుకా కాదు, కుందేలూ కాదు. మెడలో చిన్న అట్టముక్క, దాని మీద పన్నెండు అంకెలు. ఆ అంకెలను సంస్థ వెబ్‌సైటులో నమోదు చేస్తే అక్కడ ఆ జంతువుకొక ఇల్లు ఏర్పడుతుంది. పిల్లలు ఒకరి ఇంటికొకరు వెళ్లి ఆటలాడుకుంటారు. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడల్లా చేతిలోని బొమ్మ కళ్లు వెలుగుతాయి. నమోదు చేయకపోతే అది ఒట్టి బొచ్చు ముద్ద.

పాపను ఇంట్లో పిచుక అంటారు. పిచుక ఆ బొమ్మ కావాలని ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. ఒకరోజు కోర్టు పని త్వరగా ముగిసి టైపక్క తానే బడికి వెళ్లింది. మెట్ల మీద పిల్లలు గుంపుగా కూర్చుని నిన్న ఎవరి జంతువు ఎవరింటికి వెళ్లిందో, అక్కడ ఏం జరిగిందో చెప్పుకుంటున్నారు. ఇరవై నలుగురున్న తరగతిలో ఇరవై ఇద్దరి దగ్గర ఆ బొమ్మ ఉంది. పిచుక గుంపు చివర నిలబడి, అందరితో పాటు నవ్వుతూ, కుడి గుప్పిలి బిగించి పట్టుకుంది. దారిలో తల్లి ఆ గుప్పిలి విప్పించి చూసింది. లోపల పాత మేజోడు, ముడివేసి ఉంది. దానికి పెన్నుతో రెండు కళ్లు పెట్టి ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఇంట్లో మాట వచ్చింది. టైపక్క భర్త లిఫ్టు మెకానిక్కు. కొనలేనంత ఖరీదేమీ కాదు కదా, కొనేద్దాం అన్నాడు. అత్తగారు ఒప్పుకోలేదు.

"రోజంతా వాగే బొమ్మే కావాలంటే ఇంట్లో నేనున్నాగా. బ్యాటరీ కూడా అక్కర్లేదు."

"నిన్ను ఆపడానికి మీట లేదు కదమ్మా, అదే ఇబ్బంది" అన్నాడు కొడుకు. ఆవిడ చేతిలో ఉన్న తువ్వాలు విసిరింది. పిచుక నవ్వలేదు.

టైపక్క మర్నాడు దుకాణానికి వెళ్లి పెట్టెను నాలుగువైపులా తిప్పి చూసింది. అడుగున, చీమ తలంత అక్షరాల్లో, ఆన్‌లైన్ ఆటకు సంస్థ నిబంధనలు వర్తిస్తాయని ఉంది. నిబంధనలు చూపించమని దుకాణదారుణ్ని అడిగింది. పదేళ్లుగా బొమ్మలమ్ముతున్నాను, ఆ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వేనమ్మా అని అతను ముక్కున వేలేసుకున్నాడు. ఆమె వాటిని వెతికి ముద్రించి ఇంటికి తెచ్చింది. ముప్పై ఒక్క పుటలు.

మూడు సాయంత్రాలు పాపను పక్కన కూర్చోబెట్టుకుని, పంక్తి కింద వేలు జరుపుతూ, మొత్తం చదివి వినిపించింది. ఎక్కువ భాగం పాపకు అర్థం కాలేదు. అర్థమైన చోట ఆపింది.

"అంటే అది నాది కాదా?"

"బొమ్మ నీది. అక్కడి ఇల్లు వాళ్లది. వాళ్లకు ఇష్టం లేకపోతే తీసేయొచ్చు."

పిచుక కాగితాన్ని తల్లి వైపు జరిపింది.

"ఇల్లు వాళ్లదైనా పర్లేదమ్మా. అందరూ అక్కడే ఉంటున్నారు."

ఆ మాటకు ముప్పై ఒక్క పుటల్లో ఎక్కడా జవాబు లేదు. పిల్లల స్నేహాలన్నీ ఒక సంస్థ ఆవరణలోకి తరలిపోయినప్పుడు, గేటు బయట మిగిలిపోయిన పిల్లకు సిద్ధాంతం చెప్పి నిద్రపుచ్చడం ఏ తల్లి వల్లా కాదు. టైపక్క బొమ్మ కొంది. నిబంధనలు చదివి, లోపాలు తెలిసి, పూర్తి స్పృహతో కొంది. ఆ తర్వాత జరిగినదాన్ని ఆమె అజాగ్రత్త ఫలితంగా చిత్రించాలని ఎవరైనా చూస్తే, ఈ వాక్యాన్ని ముందుగా ఖండించవలసి ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కంప్యూటరు చుట్టూ చేరారు. మొదటి తెర మీద పుట్టిన సంవత్సరం అడిగింది. పిచుక తల్లి మోచేయి పట్టుకుంది.

"అమ్మా, ఇరవై ఏళ్లు వచ్చేలా వేయాలంట."

"ఎవరన్నారు?"

"అందరూ. అందరూ అలాగే వేశారు."

"నీకెన్నేళ్లు?"

"తొమ్మిది."

టైపక్క వేళ్లు తొమ్మిదేళ్లకు సరిపోయే సంవత్సరమే కొట్టాయి. ఈ పొరపాటు, దీన్ని పొరపాటని పిలవక తప్పని లోకంలో మనం ఉన్నాం కాబట్టి, ఆ తరగతిలోని ఇరవై ఇద్దరి తల్లిదండ్రుల్లో ఎవరూ చేయలేదు. తెర మారింది. పదమూడేళ్లలోపు పిల్లలకు తల్లి లేదా తండ్రి అనుమతి అవసరమని, గుర్తింపు పత్రం పంపాలని, రెండు రోజుల్లో తెలియజేస్తామని వచ్చింది. ఆమె పంపింది. రెండు రోజులు కాదు, తొమ్మిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. పదో రోజున రెండు వాక్యాలు వచ్చాయి. మీ పిల్లల భద్రత దృష్ట్యా ఖాతాను నిలిపివేశాం. ఈ సంఖ్యను తిరిగి నమోదు చేయడం సాధ్యపడదు.

ఆమె నాలుగు ఉత్తరాలు రాసింది. నాలుగింటికీ ఒకే జవాబు, కామా కూడా మారకుండా. చివరికి ఫోను చేసింది. అవతల ఒక కుర్రగొంతు, మర్యాదస్తుడు. ఫోను బల్ల మీద పెట్టి, ఇంట్లో అందరూ వింటుండగా మాట్లాడింది.

"నేను చేసిన తప్పేంటో చెప్పు బాబూ."

"తప్పేం లేదు మేడం. పదమూడు లోపు వేస్తే సిస్టం ఆపేస్తుంది."

"పెట్టె మీద ఆరు నుంచి పదేళ్లని ఉందే?"

"అది బొమ్మకి మేడం. ఇది ఆన్‌లైన్‌కి."

"అనుమతి పంపాను. గుర్తింపు పత్రం కూడా పంపాను. దాన్ని ఎవరు చూశారు?"

అవతల మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది.

"అవి చూసే విభాగం ఇంకా మొదలవ్వలేదు మేడం." గొంతు తగ్గింది. "నేను చెప్పానని అనకండి. ఇంకో బొమ్మ తీసుకుని పెద్ద వయసు వేసేయండి. అందరూ అదే చేస్తారు."

ఈ యువకుడి మీద నాకు కోపం లేదు. చెవులకు యంత్రం తగిలించుకుని రోజుకు వందమందికి సర్దిచెప్పే మనిషి, తన పైవాళ్లు కట్టిన గోడలో తనకు కనిపించిన కంత చూపించాడు. గోడ కట్టిందెవరన్నదే ప్రశ్న.

ఫోను పెట్టేశాక పిచుక అడిగింది. "మనం నిజం రాయకపోతే నా బొమ్మ కళ్లు వెలిగేవా?"

కన్నబిడ్డకు అబద్ధం చెప్పి ఓదార్చడానికి అంతకన్నా అదను ఉండదు.

"వెలిగేవి" అంది టైపక్క.

మర్నాడు సాయంత్రం భర్త పని నుంచి వస్తూ రెండో పెట్టె తెచ్చాడు. బల్ల మీద పెట్టి, భార్య మొహం చూడకుండా మాట్లాడాడు.

"రెండు మీటలు నొక్కితే అయిపోయే పని. నేను నొక్కుతాను. నువ్వు అటు తిరుగు."

"అబద్ధం ఒక్కటే అయితే అటు తిరిగేదాన్నేమో."

ఆమె కాగితాల కట్టలోంచి పందొమ్మిదో పుట తీసింది. మొదటిసారి చదివినప్పుడు అది తమకు సంబంధం లేని పుట. పద్దెనిమిదేళ్లు నిండినట్టు నమోదైన వారికి, అడిగినా అడగకపోయినా, ముక్కూ మొహం తెలియని వాళ్లు సందేశాలు, ఫొటోలు పంపవచ్చునని అందులో ఉంది. పిల్లల ఖాతాలకు ఆ దారి మూసి ఉంటుందని కూడా ఉంది. అంటే ఆ తరగతిలో ఇరవై ఇద్దరు పిల్లలు, ఇరవై ఏళ్లవాళ్లమని రాసి, ఆ తలుపు బార్లా తెరిచి కూర్చున్నారు.

భర్త చదివాడు. అయినా పట్టు విడవలేదు. మనం పక్కనుండి చూసుకుందాం, దాని మొహం చూడు, పది రోజులుగా సరిగ్గా తినడం లేదు అన్నాడు. అది నిజమేనని ఆమెకూ తెలుసు.

"లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకోకపోయినా కదిలేలా వైరు కలిపెయ్యమని అడుగుతారు కదా మిమ్మల్ని. తొందరగా వెళ్లొచ్చని."

"అడుగుతారు."

"కలుపుతారా?"

అతను పెట్టెను మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. అది సంచిలోకి వెళ్లడం పిచుక చూసింది. నానమ్మ మంచం మీదికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ వీపు మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

మరుసటి వారం టైపక్క పందొమ్మిదో పుట నకళ్లు తీసుకుని బడి గేటు దగ్గర నిలబడింది. ఇద్దరు తల్లులు నిలబడి చదివారు. ఒకాయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ పాపకు లేదు కాబట్టి మా పిల్లలకూ ఉండకూడదనా?" అని ఒకామె పిల్లలందరి ముందు అడిగింది. పిచుక ఆ మాట వింది. ఇంటికి వెళ్లేదాకా తల్లి చెయ్యి పట్టుకోలేదు.

నిజం చెప్పినందుకు ఈ తొమ్మిదేళ్ల పిల్ల చెల్లించింది ఇదీ: బొమ్మ, నేస్తాలు, బడి మెట్ల మీద తన చోటు, కొన్నాళ్లకైనా సరే తల్లి మీద నమ్మకం. ఏ చట్టమూ నేరమనని పనికి ఇంత శిక్ష వేసే అధికారం మీకెవరిచ్చారు?

సంస్థ యజమానులారా, ఈ ప్రశ్న మిమ్మల్నే అడుగుతున్నాను. టైపక్క పద్దెనిమిదేళ్లలో మొదటిసారి తన పేరుతో టైపు చేసుకున్న ఫిర్యాదు వినియోగదారుల న్యాయస్థానంలో దాఖలైంది, వకాలతు నాది. అక్కడ మీ న్యాయవాదులు నిబంధనలు చూపిస్తారు. వాటిని మీకన్నా శ్రద్ధగా చదివిన మనిషి మా వైపు ఉంది. కాని తీర్పు వచ్చేదాకా ఆగే వ్యవధి ఆ ఇరవై ఇద్దరు పిల్లలకు లేదు. మీ పుస్తకాల్లో ఇరవై ఏళ్లవాళ్లుగా ఉన్న వారిలో పిల్లలెందరో మీకు తెలుసు. ఆరు నుంచి పదేళ్ల వారికని పెట్టె మీద అచ్చువేసి అమ్మింది మీరే. ఈ రోజే ఆ ఖాతాలకు అపరిచితుల సందేశాలు ఆపండి. అనుమతి పత్రాలు చూసే విభాగంలో కుర్చీలు వేసి మనుషుల్ని కూర్చోబెట్టండి. వాళ్లు తెరవవలసిన మొదటి ఖాతా పిచుకది, తొమ్మిదేళ్ల వయసుతోనే. ఇవేవీ మీకు చేతకాకపోతే, మీ ప్రతి పెట్టె మీద, వయసు అచ్చువేసిన చోటే, అంతే పెద్ద అక్షరాల్లో ఈ వాక్యం అచ్చువేయండి: ఈ బొమ్మ పనిచేయాలంటే మీ పిల్లలు అబద్ధం చెప్పాలి.