కోటయ్యని ఖాళీ చేయించిన విధం

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో నాది తప్పని ఎవరైనా అంటే ఊరుకునేది లేదు. ఇల్లు నాది, ఇంటి మీద తాటాకు నాది, వాటితో ఏం చెయ్యాలో ఆలోచించిన బుర్రా నాదే. ఒక్క వానాకాలంలో ఆ మూడూ ఎలా గల్లంతయ్యేయో చెబుతాను, కావలిస్తే నవ్వుకోండి. జాలిపడితే మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోతాను.

అప్పటికి గోదావరికి ఆనకట్ట కట్టి నాలుగైదేళ్ళయింది. మా ఊరు అమలాపురానికి కూతవేటు దూరం. కొత్తగా తవ్విన కాలవ ఊరి పక్కనుంచే పోయేది. ఆ కాలవగట్టు మీద ఒక తాటాకిల్లుంది, మా అత్తగారు పోతూ పోతూ నా చేతిలో పెట్టేరు. ముందు పెద్ద పాక, వెనక కాపురానికి రెండు గదులు, అన్నిటికీ కలిపి ఒకటే కప్పు. దాన్ని పడవలు కట్టే కోటయ్యకి అద్దెకిచ్చేను. కోటయ్య మంచివాడు, వాడి పెళ్ళాం లచ్చమ్మ ఇంకా మంచిది. అద్దె ఏనాడూ అడిగించుకోలేదు. గోడకి మేకు కొట్టాలన్నా నన్నడిగి కొట్టేవాడు.

ఇంత మంచివాణ్ణి ఎందుకు పొమ్మన్నావే తల్లీ అంటారా? మా ఆయన వల్లండీ. ఆయన పేరు నేను చెప్పను. మా రోజుల్లో మొగుడి పేరు చెప్పకూడదు, ఈ కథ వరకూ చెప్పాలని కూడా లేదు. పొద్దున్నే చద్దన్నం తిని పొలానికని బయల్దేరేవారు. పొలం ఊరికి తూర్పున, కాలవ పడమట. ఆయన కాళ్ళు పడమటికే పోయేవి. కోటయ్య బాడిసె పట్టుకుని పలక చెక్కుతుంటే, ఎదురుగా దుంగ మీద కూర్చుని రోజంతా చూసేవారు. చెక్కేవాడికి అలుపుండేది గాని చూసేవారికి లేదు. మధ్యాహ్నం వేళకి అన్నం చల్లారిపోయేది, నేను వేడెక్కిపోయేదాన్ని.

పెళ్ళయి మూడేళ్ళు. పిల్లాజెల్లా లేరు, అత్తగారు పోయేరు. ఇంట్లో మాట్లాడ్డానికి నేనూ, వినడానికి రెండు ఎడ్లూ. మధ్యాహ్నం ఆయనకి వేడివేడిగా వడ్డించి ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉండేది నాకు. అదేమైనా గొంతెమ్మ కోరికా? పరాయి ఆడది అడ్డొస్తే ఊరంతా నా పక్క మాట్లాడేది. అడ్డొచ్చింది పడవ. పడవ మీద సవతి పోరంటే వినేవాడెవడు?

అందుకని కోటయ్యని ఊరు దాటించాలనుకున్నాను. పడవ లేకపోతే పిచ్చీ ఉండదు కదా. తిన్నగా కరణంగారి దగ్గరకి వెళ్ళేను. కచేరీ వ్యవహారాలన్నీ ఆయనకి కొట్టిన పిండి.

“ఏడాది గడువు ఉగాది నుంచి ఉగాదికమ్మా. మధ్యలో పొమ్మంటే కుదరదు. ముందు నలుగురి ఎదటా చెప్పాలి. గడువు తీరినా కదలకపోతే అప్పుడు మునసబుగారి కచేరీలో దావా వెయ్యాలి. ఇంతకీ అతను చేసిన తప్పేవిటి? అద్దె ఎగ్గొట్టేడా?”

“లేదండి.”

“ఇల్లు పాడుచేసేడా?”

“మా ఆయన్ని పాడుచేస్తున్నాడండి.”

కరణంగారు పొడుం పీల్చి, కాసేపు నిజంగానే ఆలోచించేరు. “అద్దెకిచ్చిన వాటిలో మీ ఆయన లేరు కదమ్మా,” అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా ఇల్లు నేను ఖాళీ చేయించుకోడానికి ఉగాది దాకా ఆగాలా, కచేరీ మెట్లెక్కాలా? ఇవెక్కడి రూళ్ళండీ? అద్దెకిచ్చేముందు ఇల్లు మనది, ఇచ్చేక మనం పేరుకే ఇంటివాళ్ళం. అంతే తేడా. ఆ మాట కరణంగారి మొహాన్నే అనేసి వచ్చేను. ఇప్పటికీ అదే అంటాను.

దారిలో నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. తాటాకింటికి కొన్నేళ్ళకోసారి వేసవిలో పాత కప్పు విప్పి కొత్తాకు వెయ్యాలి. ఆ పని ఇల్లుగలవాళ్ళది. అద్దెవాణ్ణి తీసెయ్యకూడదని చట్టంలో ఉంది గాని, ఆకు తీసెయ్యకూడదని లేదు కదా! కప్పు విప్పించేస్తాను. కొత్తాకు దొరకడం లేదంటాను. నెత్తి మీద మబ్బు పడేసరికి లచ్చమ్మ పుట్టిల్లు సఖినేటిపల్లి గుర్తుకొస్తుంది, మూటాముల్లే సర్దుకుంటారు. దావా లేదు, తాకీదు లేదు. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తాటాకులు కొట్టేవాణ్ణి పిలిచి, నేను కబురు పెట్టేదాకా ఒక్క ఆకు కూడా తేవొద్దని గట్టిగా చెప్పేను. నలుగురు మనుషుల్ని పెట్టి పొద్దువాలేలోగా కప్పంతా విప్పించేసేను. పాపం లచ్చమ్మ, కప్పు విప్పేవాళ్ళకి మజ్జిగ కూడా ఇచ్చింది. మధ్యలో నా దగ్గరకొచ్చి, “మా మీద ఎంత దయండీ అమ్మగారూ, పోయిన వానలకి పడమటి మూల కారేదండి,” అంది. నాకు లోపల కొంచెం గుచ్చుకుంది. కొంచెమే. మా ఆయన్ని తల్చుకోగానే అదీ పోయింది.

ఇల్లలకగానే పండగ కాదంటారు. కప్పు విప్పగానే ఖాళీ కూడా కాదండోయ్. ఆ సాయంత్రమే వీధి గుమ్మంలో అలికిడైంది. చూద్దును కదా, కోటయ్య నెత్తిన వంటసామాను గంప, లచ్చమ్మ చంకలో కోళ్ళ బుట్ట.

“వచ్చేసేమండి, అమ్మగారూ.”

“ఎక్కడికి?”

“మీ ఇంటికేనండి. సామాను ఎక్కడ దింపమంటారండి?”

నేను నోరు తెరిచేలోగా మా ఆయన వాళ్ళ వెనకనుంచి పరుగున వచ్చి గంపకి చెయ్యి వేసేరు. పెళ్ళయిన మూడేళ్ళలో ఆయన ఇంటికి పరుగున రావడం అదే మొదలు. నేను ఆయన్ని పక్కకి లాగి, ఇదేమిటన్నాను.

“ఇదేవిటేవిటే? కప్పు విప్పిన ఇల్లుగలవాళ్ళే, మళ్ళీ కప్పు వేసేదాకా అద్దెవాళ్ళకి నీడ ఇవ్వాలి. ఈ సీమలో మర్యాదే అది. మా అమ్మ ఉన్నప్పుడు కప్పు మార్చినప్పుడల్లా అద్దెవాళ్ళు మన సావిట్లోనే కదా ఉండేవారు! తెలిసే విప్పించేవనుకున్నాను. ఎంత మంచి మనసే నీది, అనుకున్నాను.”

నాకేం తెలుసండీ? మా పుట్టిల్లు రామచంద్రపురం. మాది పెంకుటిల్లు. పెంకుటింట్లో పుట్టినదానికి తాటాకు మర్యాదలు ఎవరు చెప్పేరు? అత్తగారు ఇల్లు చేతిలో పెట్టేరు గాని, దాంతోపాటు వచ్చే మర్యాద సంగతి చెప్పకుండానే కళ్ళు మూసేరు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు కదా. నేను పడలేదు, ఆ గొయ్యే కోళ్ళ బుట్టతో సహా నడుచుకుంటూ మా ఇంటికొచ్చింది.

అంతటితో అయిపోతే ఈ కథ చెప్పకపోదును. మర్నాడు కోటయ్య చేతులు నులుముకుంటూ నిలబడ్డాడు. పాకలో సగం కట్టిన పడవ ఉంది, పైన కప్పు లేదు, పచ్చి పలకలు ఎండకి పగిలిపోతాయట. సావిడిలో పెట్టుకుంటానన్నాడు. సావిడిలో ఎడ్లున్నాయిరా అన్నాను.

“ఆయ్, ఉండేవండి. అయ్యగారు వాటిని మీ వీధరుగు మీదకి తోలేసేరండి,” అన్నాడు.

చూస్తే నిజమే. అరుగు మీద రెండు ఎడ్లూ చుట్టాల్లా కూర్చుని నెమరేస్తున్నాయి. ఊళ్ళో మగాళ్ళు పదిమంది కలిసి పడవని మోసుకొచ్చి సావిట్లో దింపేరు. అద్దెవాణ్ణి ఖాళీ చేయిద్దామనుకున్నాను, ముందుగా ఖాళీ చేసినవి మా ఎడ్లు.

ఇక లాభం లేదని ఆకులవాడింటికి నేనే పరుగెత్తేను. ఆకు వెంటనే తోలించమన్నాను.

“మీరొద్దన్నారు కదండీ. ఉన్న ఆకంతా కొత్తపేట పంపించేసేనండి. ఇంక మళ్ళీ వేసవికేనండి,” అన్నాడు వాడు. నన్ను నేనే తిట్టుకుందామంటే నోరు రాలేదు, అందుకని వాణ్ణి తిట్టేను. ఇంటికొచ్చేలోగా వాన మొదలైంది.

రెండోసారి కరణంగారి దగ్గరకి వెళ్ళేను. తడిసి ముద్దయి వెళ్ళేను. వాళ్ళు మా ఇంట్లో దిగిపోయేరు, ఇప్పుడేం చెయ్యాలో చెప్పండన్నాను. ఆయన చాలా సంతోషించేరు. ఇలాంటి వ్యవహారం ఇంతవరకూ ఆయన దగ్గరకి రాలేదట.

“కాలవగట్టు ఇంటికి అతను అద్దెవాడమ్మా. మీ ఇంటికి అద్దెవాడు కాడు, అతిథి. అద్దెవాడికి గడువుంది, ఉగాది. అతిథికి గడువేదీ?” అన్నారు.

“మరి కచేరీలో దావా?”

“ఏమని వేస్తావు? నా ఇంటి కప్పు నేనే విప్పించుకున్నానని వేస్తావా?”

ఇంక అక్కడ కూర్చోలేక వచ్చేసేను. చట్టం నా పక్క లేదని ఆయన అన్నారు. చట్టం రాసినవాళ్ళు మా సావిట్లో ఒక్క పూట పడుకుని ఉంటే నా పక్కనే రాసి ఉండేవారని నేనంటాను. తెల్లారకుండా టకటకా బాడిసె మొదలు. ఆపైన పలకల మధ్య సందుల్లో కొబ్బరిపీచు కుక్కే సుత్తి. ఆ పీచు మీద పూయడానికి మరిగించే గుగ్గిలం కంపు. నా పులుసు కూడా గుగ్గిలం వాసనే కొట్టేది.

ఇంక మా ఆయన సంగతి. ఇదివరకు చూసేవారు, ఇప్పుడు పని చేసేవారు. పలక పట్టుకునేవారు, పీచు పేనేవారు, కోటయ్య కంటే ముందు లేచేవారు. మధ్యాహ్నం పిలిస్తే సావిట్లోకే కంచం తెమ్మనేవారు. ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగేసేను.

“మీకు ఇల్లూ వాకిలీ గుర్తున్నాయా?”

“ఇంట్లోనే ఉన్నాను కదే?”

“ఇంట్లో ఉన్నారు. నా దగ్గర లేరు.”

ఆయన చేతిలో పీచు అలాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఏడవలేదు, నేను ఏడ్చే రకం కాదు. “ఈ పడవొక్కటీ నీళ్ళలో పడనీవే. తర్వాత నువ్వు చెప్పినట్టే,” అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేనూ ఆ పడవ కోసం రోజులు లెక్కపెట్టడం మొదలెట్టేను. మీకు నవ్వొస్తుంది గాని, ఆఖరికి నేనే లచ్చమ్మ పక్కన కూర్చుని పీచు పేనేను. ఎంత తొందరగా అయితే అంత తొందరగా పీడ వదులుతుందని.

పడవ అయింది. చూడముచ్చటగా ఉంది, కాదంటే కళ్ళు పోతాయి. కింద గుండ్రటి దుంగలు వేసి దొర్లించుకుంటూ వీధి గుమ్మం దాకా తెచ్చేరు. అక్కడ ఆగిపోయింది. గుమ్మం మూరెడు, పడవ బారెడు. పడుకోబెట్టి చూసేరు, ఓరగా చూసేరు, వెనక్కి తిప్పి చూసేరు. వచ్చినప్పుడు దానికి పక్క పలకలు లేవు, ఇప్పుడున్నాయి. ఆ సంగతి కోటయ్యకీ తట్టలేదు, మా ఆయనకీ తట్టలేదు. కుండలో తల పెట్టిన పిల్లిలా ఇరుక్కుంది మా పడవ.

“విప్పేస్తానండి. మళ్ళీ కాలవగట్టున కడతానండి,” అన్నాడు కోటయ్య నేల చూపులు చూస్తూ.

మళ్ళీనా! మళ్ళీ ఇంకో వానాకాలమా! లోపలికి వెళ్ళి గడ్డపార తెచ్చేను. మా వీధి గోడని మొదటి పోటు నేనే పొడిచేను. వానలకి నానిన మట్టిగోడ, పాపం అదీ నాలాగే విసిగిపోయి ఉందేమో, రెండు పోట్లకే కూలింది. ఇల్లు ఖాళీ చేయించడానికి సొంత గోడ పడగొట్టుకున్న ఇల్లాలు గోదావరికి రెండు పక్కలా నేనొక్కత్తినే. అయినా ఆ రోజు నా అంత గెలిచినది లేదని గడ్డపార భుజాన వేసుకుని కాలవ దాకా పడవ వెనకే నడిచేను.

పసుపు రాసేం, కుంకం పెట్టేం, కొబ్బరికాయ కొట్టేం. పడవ నీళ్ళలోకి జారింది. ఊరంతా గోల. ఆ పడవని ధవళేశ్వరంలో ఒక వర్తకుడికి అప్పజెప్పాలి. కోటయ్య గెడ పుచ్చుకుని ఎక్కేడు. రెండో గెడ ఎవరు పట్టుకుంటారా అని చూస్తున్నాను. మా ఆయన పంచె ఎగగట్టి ఎక్కేసేరు.

“నాలుగు రోజుల్లో వచ్చేస్తానే!”

పడవ నీళ్ళలో పడితే నువ్వు చెప్పినట్టే అన్నారు కదా, దిగమని నేను చెప్పేను. చాలా గట్టిగానే చెప్పేను. అప్పటికే పడవ వంపు తిరిగిపోయింది. ఇంత సులువుగా నడిచే పడవ కట్టినందుకు కోటయ్యని కాదు, పీచు అంత గట్టిగా పేనినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

పక్కన లచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది. “మీకు తోడుగా నేనుంటాను కదండీ అమ్మగారూ. ఎలాగూ కప్పు వేసేదాకా ఇక్కడే కదండీ,” అంది.

నాలుగు రోజులు కాస్తా నెలలయ్యేయి. పడవ నడిపేవాళ్ళు చాలక వర్తకుడు ఇద్దర్నీ ఉంచేసుకున్నాడట. కాలవలో పోయే పడవలవాళ్ళ చేత ఆయన కబుర్లు పంపేవారు. పడవ బాగా నడుస్తోందట, చుక్క నీరు కారడం లేదట. నువ్వెలా ఉన్నావే అని మాత్రం లేదు. అరుగు మీద ఎడ్లు, వీధికి గోడ లేదు, వంటింట్లో లచ్చమ్మ కోళ్ళు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నా నాలుక పడవెక్కి ధవళేశ్వరం వెళ్ళిపోయింది.

అలాంటి రోజున కరణంగారు మా వీధిలో పోతూ, గోడ లేని మా ఇంట్లోకి తల తిప్పి అడిగేరు.

“ఏమమ్మా, మొత్తానికి ఖాళీ చేయించేవా?”

“చేయించేనండి,” అన్నాను.

“కోటయ్య వెళ్ళిపోయేడా?”

“కోటయ్య సామానంతా ఇక్కడే ఉందండి. ఖాళీ చేసింది మా ఆయన.”

కార్తీకం వెళ్ళేక మా ఆయన వచ్చేరు లెండి, నల్లగా మాడి, చేతులు కాయలు కాసి. ఆ మధ్యాహ్నం వేడివేడిగా వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. నాలుగు మాటలు చెప్పుకుందామనే కూర్చున్నాను. ఆయన చెప్పిన నాలుగూ పడవ గురించే.

అందుచేత వినండి. ఈ గోదావరి నీళ్ళు తాగి చెబుతున్నాను. ఈ జన్మలో ఇంకెవరి ఇంటి కప్పూ విప్పించను. అది తప్పని కాదు సుమండీ, ఇప్పటికీ నాదే న్యాయం. ఒకవేళ విప్పించక తప్పకపోతే, ముందు మా ఆయన్ని సావిడి రాటకి కట్టేసి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుని, అప్పుడు విప్పిస్తాను.