ఈ అబ్బాయి నీకేమవుతాడు?

తార్నాకలో ఇల్లు వెతకడం అప్పటికి నాకు రెండో ఉద్యోగమై కూర్చుంది. క్యాంపస్‌లో కాంట్రాక్టు లెక్చరర్ని, ముప్పై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. చేసుకోనని ఇంట్లో ఎప్పుడో తెగేసి చెప్పాను. ఓనర్లకు మాత్రం ప్రతి గుమ్మంలోనూ మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాల్సి వచ్చేది. ఒక్కదాన్నే వెళ్తే తాళం తియ్యడానికే వెనకాడుతున్నారని, మా లైబ్రరీలో పనిచేసే స్నేహితుణ్ణి వెంటబెట్టుకు తిరిగేదాన్ని. ఏళ్ల తరబడి క్యాంటీన్లో కలిసి చాయ్ తాగినవాళ్లం. నా చిరాకంతా అతని మీదే చూపించేదాన్ని. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆ రోజు చూసిన ఇల్లు నాకు నచ్చింది. వంటింట్లో మంచి ఎండ పడుతోంది. ఓనరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దావిడ. నీళ్ల సంగతి, కరెంటు సంగతి అయ్యాక అసలు ప్రశ్న వేసింది.

"ఈ అబ్బాయి నీకేమవుతాడమ్మా?"

'ఫ్రెండ్' అన్న మాట నా నాలుక చివరే ఉంది. ఎన్ని ఇళ్లలో చెప్పానో. ఈలోపు అతనే అందుకున్నాడు.

"ఇప్పటికైతే ఏం కాను ఆంటీ. ఈమె సరేనంటే మొగుణ్ణయిత."

వేళాకోళమేమోనని అతని మొహం చూశాను. నవ్వడం లేదు. ఓనరమ్మ మాత్రం కూరగాయల బేరం విన్నంత తాపీగా, "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాడుగా, ఆలోచించుకో. అందాకా ఇల్లెవరికీ ఇవ్వన్లే" అంది.

రోడ్డు మీదకు రాగానే విరుచుకుపడ్డాను. "ఏంది నువ్వు? గిన్నేండ్లు నోరు లేదా? ముక్కూ మొహం తెల్వనామె ముంగట అడుగుతవా?"

"మనిద్దరమే ఉన్నప్పుడు అడిగితే, చాయ్ తాగుడు గూడ బంద్ చేస్తవని భయపడ్డ."

"మరి ఇయ్యాల భయం లేదా?"

అతను క్యాంపస్ గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగి, నా వైపు చూడకుండా చెప్పాడు. "ఆదివారం నల్లకుంటల పిల్లను చూస్తందుకు పోవాలె. అమ్మ మాటిచ్చింది. చూసొచ్చినంక ఇగ కాదనలేను."

అతనికీ వయసు వస్తోందని, అతనికీ సంబంధాలు చూస్తారని నాకెన్నడూ తట్టలేదు. ఎంత మొద్దుని. ఎప్పటికీ ఆ క్యాంటీన్ బెంచీ మీదే ఉంటాడనుకున్నాను. పెళ్లి ఎందుకు అక్కర్లేదో ఊరందరికీ క్లాసు పీకినదాన్ని, అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"పోకు" అన్నాను.

అన్నది నేనేనా అని నేనే అదిరిపోయాను. అతను మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. నా క్లాసు పిల్లలు ఇద్దరు "నమస్తే మేడం" అంటూ వింతగా చూసి పోయారు. ఏం చూశారా అని కిందికి చూసుకుంటే, అతని చొక్కా చెయ్యి నా పిడికిట్లో ఉంది. చూసుకున్నాక కూడా వదల్లేదు.