పాత జీవో, పాత పంచాంగం

ఆ రోజుల్లో అంటే మరీ వెనకటి మాటేమీ కాదు, ఆ తర్వాత నేను మార్చింది రెండు ఫోన్లే. అయినా ఆ రోజుల్లో అనే అనాలి, ఎందుకంటే అప్పటి నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదు. డిగ్రీ అవగానే చీపురుపల్లిలో ఒక నెట్ సెంటర్లో పనికి చేరాను. హాల్‌టికెట్లు తీయడం, దరఖాస్తులు నింపడం, ఆధార్ జిరాక్సులు తీసి అంచులు కత్తిరించి ఇవ్వడం, ఇదీ నా ఉద్యోగం. మా ఊళ్లో మాత్రం, ప్రభుత్వం ఏ పని చేసినా ముందు నా చెవిన వేస్తుందని నమ్మేవారు. ఆ నమ్మకాన్ని నేనెన్నడూ కాదనలేదు (కాదనడానికి మనసు రావాలి కదా).

మా ఊరి బడి చిన్నది. ఆ వేసవిలో, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని గెడ్డ అవతల ఊళ్లోని పెద్దబడిలో కలిపేస్తారని వార్త పుట్టింది. మా గెడ్డ మామూలు రోజుల్లో చీలమండ లోతు వాగు. వానలు పడ్డాయంటే గేదెలు కూడా ఒడ్డున నిలబడి ఆలోచిస్తాయి. మా పెద్దమ్మ మనవరాలు మూడో తరగతిలోకి వస్తోంది. పెద్దమ్మ ఒక సాయంత్రం మా గుమ్మంలో చతికిలబడింది.

"ఒసే గుంటా, నువ్వు పొద్దత్తమానం ఆ కంపూటర్ ముందలే కూకుంటావు గదా. బడి తీసీడానికి గవర్మెంటోళ్లు ఏటి రాసినారో సూసి సెప్పు. ఆ పిల్ల రోజూ గెడ్డ దాటాలంటే ఇంటికొచ్చే వరకూ నాకు పేనం ఉండదు."

"రేపు తెచ్చేస్తాను పెద్దమ్మా, అదెంత పని" అన్నాను. నిజంగానే అదెంత పనో అప్పటికి నాకు తెలియదు. మర్నాడు కంప్యూటర్లో బడులు కలిపే జీవో అని కొట్టాను, మొదట కనిపించిన నీలం లింకును నొక్కాను (దాని కింద ఇంకా లింకులుంటాయని, వాటినీ నొక్కవచ్చని నాకు తట్టలేదు). జీవో తెరుచుకుంది. తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకోకపోతే బడిని కదపకూడదని రెండో పేజీలో స్పష్టంగా ఉంది. అంతే, అక్కడితో చదవడం ఆపేసి పది కాపీలు తీసి, ఆ వాక్యం మీద పసుపు రంగు పూసి ఊళ్లో పంచాను. ఆ రాత్రి పెద్దమ్మ మా ఇంటికి గిన్నెడు చేపల పులుసు పంపింది.

వారం తిరక్కుండా మండల విద్యాధికారి బడి వరండాలో మీటింగు పెట్టారు. ఊరంతా వచ్చింది. నేను ముందు వరసలో లేచి నిలబడి, సినిమాల్లో వకీళ్లలా గొంతు సవరించుకుని, జీవోలో ఆ పసుపు వాక్యం దాకా చదివి తెలుగులో చెప్పాను. ఆయన ఒక్క మాట అడ్డం రాకుండా చివరిదాకా విన్నారు. "బాగా చదివావమ్మా. పైన తేదీ ఉంటుంది, అది కూడా చదువు" అన్నారు.

చదివాను. అది రెండేళ్ల కిందటిది.

"దాన్ని మార్చి ఈమధ్య కొత్తది ఇచ్చారమ్మా. నువ్వు చదివింది ఇప్పుడు చెల్లదు. అభ్యంతరాలు ఉంటే వచ్చే సోమవారం లోపల రాసివ్వండి, కొత్తదాని ప్రకారం రాయండి" అన్నారాయన, మెత్తగానే. ఎవరైనా నవ్వినా బాగుండేది. ఒక్కరూ నవ్వలేదు. ఇంటికొస్తుంటే పెద్దమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "పోన్లేవే, సదవడం మాత్తరం బాగా సదివినావు" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

రెండు రోజులు పెరటి దారిన పనికి వెళ్లాను. మూడో రోజు బస్సు దిగి, గొడుగు పట్టుకుని, మా పంచాంగం తాతగారు నెట్ సెంటర్ వెతుక్కుంటూ వచ్చారు. ప్రతి ఉగాదికీ మా ఊరి కోవెల దగ్గర పంచాంగం చదివేది ఆయనే. నా పక్కన స్టూలు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, అడగకుండానే ఒక కథ చెప్పారు.

"మా నాన్నగారు పోయాక మొదటి ఉగాది. నాకు నీ వయసే. కొత్త సంవత్సరం పేరు గట్టిగా చెప్పాను, అది నోటికొచ్చు కదా. తీరా కంగారులో తెరిచింది పాత పంచాంగం. వానలు, పంటలు, గ్రహణాలు అన్నీ చదివేశాను. రాశుల దగ్గరికొచ్చేసరికి ఒక ముసలమ్మ లేచి, బాబూ, నాకు పోయినేడూ అవమానం ఆరే, ఈ యేడూ ఆరేనా, ఒకపాలి సూడు బాబూ, అంది. చూసుకుంటే ఏవుంది, ఆవిడకి ఆరు, నాకు అరవై."

నేను రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాను. తాతగారు కళ్లజోడు తుడుచుకుని, "పద అమ్మలూ, వాళ్లూ వీళ్లూ పెట్టింది వద్దు. ప్రభుత్వం వారు తామే పెట్టుకున్న చోటు ఉంటుంది కదా, అక్కడ తియ్యి. మూలం చూడకుండా మాట చెప్పకూడదు" అన్నారు. ఆయన జన్మలో కంప్యూటర్ ముట్టుకోలేదు. నేను ముట్టుకోని రోజు లేదు. అయినా ఆ పూట గురువెవరో చెప్పక్కర్లేదు.

ప్రభుత్వం సైటు తెరిచి, విద్యాశాఖ ఎంచి, కొత్త తేదీలు పైకి వచ్చేలా పెట్టి, ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాం. దొరికింది. మొదట్లోనే దానికి ముందు వచ్చిన జీవోలన్నీ వరసగా రాసున్నాయి, అందులో నేను పసుపు పూసినదీ ఉంది. నేను చదివి చెబుతుంటే తాతగారు మురిసిపోయారు. "మీ జీవోలకీ ప్రవర ఉందే. ఎవరి తర్వాత ఎవరో చెప్పుకుని గానీ మొదలెట్టరన్నమాట."

నాలుగు పేజీలు చదివినా మాకు పనికొచ్చేది దొరకలేదు. కమిటీ ఒప్పుకోవాలన్న మాటే తీసేశారు. నేను నీరసపడి మౌస్ వదిలేశాను. "ఎన్ని పేజీలే?" అన్నారు. తొమ్మిది అన్నాను. "మరి చదువు. ఫలశ్రుతి చివర్నే ఉంటుంది" అన్నారు. ఎనిమిదో పేజీలో ఉంది: దారిలో వాగో, రైలు పట్టాలో అడ్డముంటే, అధికారి స్వయంగా వచ్చి చూసి, బడిని ఉన్నచోటే ఉంచవచ్చునని. తాతగారికి గట్టిగా చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని, "మళ్లీ చదువు. ఈసారి తేదీతో సహా" అన్నారు.

అర్జీ నేను రాశాను, ఊరంతా సంతకాలు పెట్టింది. ఆషాఢం వానలు పడ్డాక విద్యాధికారి చూడ్డానికి వచ్చారు. పెద్దమ్మ ఆయన్ని తిన్నగా గెడ్డ దగ్గరికే తీసుకెళ్లి, "దిగండి బాబూ, కాయితం మీద ఏటి తెలుస్తాది" అంది. ఆయన బూట్లు చేత పట్టుకుని మోకాళ్ల లోతు దాకా దిగి, నవ్వుతూ వెనక్కి వచ్చేశారు. బడి ఉన్నచోటే ఉంది. పెద్దమ్మ మనవరాలు మూడు, నాలుగు, ఐదు తరగతులూ కాలు తడవకుండా చదివింది.

ఈ ఉగాదికి తాతగారి కళ్లకి పొర కమ్మింది. ఆపరేషను వేసవిలో అన్నారు. కోవెల దగ్గర అందరూ కూర్చున్నాక, ఆయన పంచాంగం నా చేతికిచ్చి, "ముందు ఏ సంవత్సరందో చూసి చెప్పవే అమ్మలూ. మనిద్దరినీ నమ్మడానికి లేదు" అన్నారు. ఊరంతా గొల్లున నవ్వింది. నేను అట్ట రెండుసార్లు చూసి, "ఈ ఏడాదిదే తాతగారూ" అన్నాను. "అయితే చదువు" అన్నారు, పుస్తకం తిరిగి తీసుకోలేదు.

చదివాను. నా రాశి దగ్గరికొచ్చేసరికి అవమానం ఆరు అని ఉంది. ఆ రోజు వరండాలో గొంతు సవరించుకున్న పిల్లయితే ఆ ముక్క చల్లగా దాటేసేది. పాపం, దానికింకా చివరి పేజీ దాకా చదవడం రాదు. నేను మాత్రం నా ఆరునీ గట్టిగా చదివి, పేజీ తిప్పాను.