ఏడుగురి పసుపు చేను

"నువ్వేం పని చేస్తవమ్మా?" అని జగిత్యాల డాక్టరు అడిగితే, వనిత "కూసుంట సార్" అంది.

డాక్టరు రాయడం ఆపి తలెత్తాడు. వనిత నాలుక కరుచుకుంది.

"బీడీలు చేస్త సార్. పొద్దుందాక కూసునుడే కదా."

వనితది కోరుట్లలో నేతవాళ్ళ వాడ. ఆమెకు ఊహ తెలిసేనాటికే ఇంట్లో మగ్గం లేదు. తండ్రి సిరిసిల్లకు పోయి మరమగ్గాల షెడ్డులో చేరాడు, తల్లి బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. పన్నెండేళ్ళు నిండగానే వనిత చేతికీ కత్తెర వచ్చింది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. పెళ్ళయి వచ్చాక చాట మారింది గాని పని మారలేదు. అత్త దేవమ్మ ఒక గోడకు, వనిత ఎదుటి గోడకు ఆనుకుని కూర్చునేవారు. ఇద్దరికీ దగ్గు. నలభయ్యో ఏట ఒక మధ్యాహ్నం వనిత లేవబోతే ఎడమకాలు మొద్దుబారి అక్కడే కూలబడింది. భర్త సునీల్ ఆమెను జగిత్యాల తీసుకొచ్చాడు.

"మందులు రాస్త. కానీ గీ కూసునుడు బంద్ చెయ్యకపోతే మందులేం పని చెయ్యవు" అన్నాడు డాక్టరు.

బస్సులో వనిత, "బంద్ చేసి ఏం చెయ్యాలె?" అని అడిగింది.

"ముందుగాల నువ్వు మంచిగ నడువు. తర్వాత సూద్దాం" అన్నాడు సునీల్. ఆ ఒక్క మాటకు అతనికి ఎంత రుణపడి ఉందో వనిత ఇప్పటికీ చెబుతుంది. ఆ రోజు ఇంకెవరూ అలా అనలేదు మరి. దేవమ్మయితే, "బీడీలే మనకు బువ్వ పెట్టినయ్. గవిటిని ఇడిసిపెడితే ఎట్ల?" అని ముఖం తిప్పుకుంది.

అప్పటికే బీడీ కార్ఖానా వాళ్ళు నెలలో సగం రోజులే పని ఇస్తున్నారు. పని లేని రోజుల్లో వాడలోని ఆడవాళ్ళు మల్లాపూర్ వైపు పసుపు తవ్వే కైకిలికి, రోజు కూలికి, పోయేవారు. కాలు కుదుటపడ్డాక వనిత కూడా చాట పక్కన పెట్టి పక్కింటి సమ్మవ్వ వెంట ఆటో ఎక్కింది. మొదటి రోజే అరచేతులు బొబ్బలెక్కాయి. కానీ సాయంత్రం ఆటో దిగితే కాలు మొద్దుబారలేదు. ఛాతీనిండా గాలి ఆడింది.

వాళ్ళు పసుపు తవ్విన చేను పక్కనే రెండెకరాల నేల సర్కారు తుమ్మతో నిండి ఉంది. అది ఇందిరది. ఒకప్పటి దొరల ఇంటి కోడలు, బడిలో టీచరుగా చేసి రిటైరైంది. ఒకనాడు ఆమె అటుగా వచ్చి, వీళ్ళు అన్నం తింటుంటే గట్టు మీద కూర్చుంది.

"దొరసానీ, గీ భూమి ఎందుకు పడావు పడ్డది?" అని అడిగింది వనిత.

"చేసేటోళ్ళు లేరమ్మా. నాతోని కాదు."

"మేం చేస్తే?"

సమ్మవ్వ పక్కున నవ్వింది. ఇందిర మాత్రం నవ్వలేదు. కాసేపు ఆ తుమ్మల వైపు చూసి, "చెయ్యిండ్రి. పండినదాంట్ల నా ఇంటికి కూరగాయలియ్యిండ్రి, సాలు. ఇంకోటి, నన్ను దొరసాని అనద్దు. అక్కా అనుండ్రి" అంది.

ఏడుగురు ఆడవాళ్ళు కలిశారు. గట్టు మీద కూర్చుని తమ కట్టుబాట్లు తామే పెట్టుకున్నారు. ఒంట్లో బాగాలేనివాళ్ళు రావద్దు, వాళ్ళ పని మిగతావాళ్ళు చేస్తారు. రోజూ ఒకరు అందరికీ వండి తేవాలి. ఎండ తిరిగాక ఎవరిళ్ళకు వాళ్ళు పోవాలి. పంటను ఏడు వాటాలుగా కుప్పలు పోసిన మనిషి తన కుప్పను చివర తీసుకోవాలి. పురుగుమందులు కొడదామా అన్న మాట వచ్చినప్పుడు వనిత లేచి నిలబడింది.

"ఇన్నేండ్లు తంబాకు దుమ్ము పీల్చినం. ఇగ మందు వాసన కూడ పీల్చాల్నా? నేనైతే పీల్చ."

తుమ్మలు నరికి కూరగాయలు పెట్టారు. మొదటి ఏడు వంకాయలకు పురుగు పట్టింది, చిక్కుడు మాత్రమే దక్కింది. పక్క చేను భూమయ్య ఒడ్డు మీద నిలబడి, "ఆకు కత్తిరించే చేతులు పార పడుతయా బిడ్డా?" అని నవ్వేవాడు. నవ్వుతూనే వచ్చి పేడ, బెల్లం, శనగపిండి కలిపి ఎరువు ఎలా పులియబెట్టాలో చూపించేవాడు. రెండో ఏడు ధైర్యం చేసి సగం నేలలో పసుపు పెట్టారు.

మొక్కలు మోకాలెత్తుకు వచ్చాక ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. నాలుగోనాడు పొద్దున్నే భూమయ్య ఫోన్ చేశాడు.

"వనితా, మీ పసుపుల నీళ్ళు నిలిచినయ్. ఇయ్యాల కాలువలు తీయకపోతే దుంప మురుగుతది. జల్ది రాండ్రి."

ఏడుగురూ పరుగున వెళ్ళారు. సాళ్ళ మధ్య పిక్కలలోతు నీళ్ళు. పార వేస్తే బురద మళ్ళీ జారి పూడిపోతోంది. మధ్యాహ్నమయ్యేసరికి నాలుగోవంతు కూడా కాలేదు. సమ్మవ్వ గట్టు మీద కూలబడి, "ఇగ మనతోని కాదే" అని ఏడ్చింది. వనితకూ ఏడుపు వచ్చింది. వానలో తెలియలేదంతే.

అప్పుడు రోడ్డు మీద ఆటోలు ఆగాయి. మొదట దిగింది దేవమ్మ. నెత్తిన గోనెసంచి కప్పుకుని, చేతిలో పార పట్టుకుని వస్తోంది. వెనుక వాడలోని ఆడవాళ్ళు, ముప్పై మందికి తక్కువుండరు. వాళ్ళు ఆ రోజు చేసి ఇవ్వాల్సిన బీడీలు ఇళ్ళల్లోనే ఉండిపోయాయి.

"అత్తమ్మా, నువ్వెందుకచ్చినవ్ గీ వానల?"

"భూమయ్య ఫోన్ల చెప్పంగ నేనిన్న. ఇంటింటికి పోయి చాటలు దించుమన్న. అందరు దించిన్రు" అని దగ్గుతూ, "మాటలు తర్వాత. ఏడికెల్లి తవ్వాలె, చెప్పు" అంది దేవమ్మ.

ఇందిర చీర కుచ్చిళ్ళు ఎగదోపి బురదలోకి దిగింది. భూమయ్య వాలు చూసి గీతలు గీస్తుంటే వాళ్ళు వరుసగా నిలబడి తవ్వారు. చీకటి పడకముందే నీళ్ళు వాగు వైపు కదిలాయి. వనిత అత్త చేతులు పట్టుకుంది. "చాయ్ తాగుదాం పా" అంది దేవమ్మ.

దుంప చాలావరకు నిలిచింది. మాఘంలో తవ్వి, ఉడికించి, ఎండబోసి, మర పట్టించాక మొదటి పసుపును ఏడుగురూ పంచుకోలేదు. డబ్బాల్లో పోసి వాడలో ప్రతి గడపకూ ఇచ్చివచ్చారు. "మీరు రాకుంటే గీ పసుపు లేదు" అని ప్రతి ఇంట్లో ఒకే మాట చెప్పింది వనిత.

ఇప్పుడు వాళ్ళు పదకొండు మంది. అందరూ బీడీలు పూర్తిగా మానలేదు, మానమని ఎవరూ అడగరు కూడా. దేవమ్మ పొద్దున కొన్ని చుట్టి, ఎండెక్కాక చేనుకు వచ్చి విత్తనాలు ఏరుతుంది. దగ్గు తగ్గింది గాని పోలేదు. వనిత కాలు మాత్రం మళ్ళీ మొరాయించలేదు.

మొన్న వేసవిలో వాడలో ఒకామెకు ఆపరేషన్ అయింది. ఆనాడు వానలో తవ్వడానికి వచ్చినవాళ్ళలో ఆమె ఒకరు. చుట్టిన బీడీలు అప్పగించకపోతే కార్ఖానాలో పని ఇప్పించే బీడీ కార్డు పోతుందేమోనని మంచంలో పడి దిగులుపడుతోంది. చేనువాళ్ళు ముగ్గురు ముగ్గురుగా వంతులు వేసుకుని ఆమె బీడీలు చుట్టడానికి ఇంటికి వెళ్ళారు. మూడేళ్ళ తర్వాత వనిత మళ్ళీ చాట ముందేసుకుంది. ఆకు కత్తిరించి, చుట్టి, గడియకోసారి లేచి వాకిట్లో నాలుగడుగులు నడిచి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"నీకెందుకే గీ కష్టం? కాలు నొస్తది" అంది మంచంలోంచి ఆమె.

"నొయ్యనీ. నా చేన్ల కాలువ తవ్వినప్పుడు నీకు నడుం నొయ్యలేదా?" అంటూ వనిత ఇంకో ఆకు అందుకుంది.