ఉర్లా నుంచి మంచి కబురు

నా వృత్తిలో మొట్టమొదట నేర్పేది గదిలోంచి బయటికి రావడం. మెదడులో కణితి ఉన్న మనిషిని బల్లమీద పడుకోబెడతాం. తల కదలకుండా, అతని ముఖానికే అచ్చు తీసిన ప్లాస్టిక్ ముసుగు వేసి బల్లకు బిగిస్తాం. కదలొద్దని హిందీలో చెప్పి, అందరం బయటికి వచ్చి, మందపాటి తలుపు మూసేస్తాం. కిరణాలు పడే ఆ కాసేపూ లోపల రోగి ఒక్కడే. మేం బయట టీవీలో చూస్తూ కూర్చుంటాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను రాయపూర్‌లో ఈ పనిలో చేరినప్పుడు పాత కోబాల్ట్ మెషిన్ ఉండేది. తర్వాత దాని స్థానంలో కంప్యూటర్లతో నడిచే మెషిన్లు వచ్చాయి. మనిషిని వదిలేసి బయటికి రావడం మాత్రం మారలేదు.

ఇక్కడివాళ్లు ఈ చికిత్సను సికాయి అంటారు, అంటే కాపడం. మనవాళ్లు కరెంటు పెట్టించుకోవడం అంటారు. మొదట్లో ఈ రెండు మాటలూ వింటే నాకు ఒళ్లు మండేది, ఇంత చదువూ చదివింది కాపడం పెట్టడానికా అని. పోనుపోను నేనే రోగుల్ని "సికాయి అయిందా?" అని అడగడం మొదలుపెట్టాను. అప్పటికి కోపం తెచ్చుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణాలు దొరికాయి.

అన్నిటికన్నా పెద్దది ఆరు వారాలు. చికిత్స మామూలుగా అన్నాళ్లు పడుతుంది, ఆదివారాలు తప్ప దాదాపు రోజూ రావాలి. పుస్తకాలు రాసేవాళ్లకు అదొక లెక్క కాదు. ధర్సీవా అవతలి పల్లెనుంచి వచ్చే కూలీకి మాత్రం అది ఆసుపత్రి వరండాలో దుప్పటి పరుచుకుని పడుకునే కాలం. మెదడు కణితుల్లో మరీ చెడ్డ రకం ఒకటుంది. అది వచ్చినవాడు ఏడాది దాటితే అదృష్టవంతుడనుకుంటాం. ఉన్న కాస్త ఆయుష్షులో అంత ముక్క వరండాకు ఇచ్చెయ్యాలా? రోజూ ఇచ్చే మోతాదు కొంచెం పెంచి మూడు వారాల్లో ముగిస్తే ఫలితం తగ్గుతుందా? వయసు మళ్లినవాళ్లకు అలా చెయ్యొచ్చని అప్పటికే బయటి దేశాల్లో అంటున్నారు. నడివయసు వాళ్లకూ చెయ్యొచ్చా అన్నది నా ప్రశ్న, నా పరిశోధనంతా ఆ ఒక్క ప్రశ్నే. మా పెద్దలు వద్దన్నారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిది ఇంకా ఎక్కువ. ఒప్పించాను.

రాయపూర్ శివార్లలోని ఉర్లాలో ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడిపే మనిషి నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. పని మీద ఉండగా ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేశారు, చెడ్డ రకమని తేలింది, మూడు వారాల చికిత్సకు నా పరిశోధన జట్టులో చేరాడు. మాట తడబడేది. రోజూ భార్య వెంట వచ్చేది. టెక్కలి వైపు మనుషులు, పిల్లల్లేరు. హిందీ ఆవిడకు కూరగాయలు బేరమాడేంత వచ్చు, అంతే. మొదటి రోజు నేను తెలుగులో పలకరించేసరికి నా చెయ్యి పట్టుకుని, వరండాలో బెంచీమీద కూర్చునేదాకా వదల్లేదు. నేను ఆవిడను అప్పా అని పిలిచేదాన్ని. మా ఇంట్లో అక్కను అలాగే అంటాం.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. మేం పుట్టింది రాయపూర్‌లోనే అయినా ఇంట్లో శ్రీకాకుళం మాటే నడిచేది. నాన్న తర్వాత అమ్మ పోయింది. నేను తెలీబంధాలో ఒక ఫ్లాటుకు మారాను. పెళ్లి మాట ఎప్పుడెత్తినా నాకేదో పరీక్ష ఉండేది. ఆఖరికి అడిగేవాళ్లూ మానేశారు, అడిగేవాళ్లే లేకుండానూ పోయారు. బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుంది, గట్టున తిరిగే జనం కనిపిస్తారు. పలకరించడానికి ఒక్కరు లేరు. ఆసుపత్రిలో హిందీ, ఇంగ్లీషు. ఇంటికొస్తే గోడలు. అమ్మ ఉండగా పోట్లాడటానికైనా తెలుగు వాడేదాన్ని. ఒకనాడు మూకుడు తగిలి చెయ్యి కాలితే నా నోట్లోంచి హిందీ వచ్చింది. ఆ పూట కూర్చుని ఏడ్చాను, కాలినందుకు కాదు.

చికిత్స ముగిశాకే పరిశోధకులకు అసలు పని మొదలవుతుంది. ప్రతి రోగి ఇంటికీ నెలకోసారి ఫోన్ చెయ్యాలి. ఉన్నారా, తలనొప్పి ఉందా, ఫిట్స్ వచ్చాయా, నడుస్తున్నారా, తింటున్నారా అని అడగాలి. చాలామందికి మా సహాయకులే చేసేవారు. ఉర్లా ఇంటికి మాత్రం నేనే, నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం. ఆవిడ మొదటి రింగుకే ఎత్తేది.

"బావున్నారమ్మా. అన్నం తినీసి తొంగున్నారు," అనేది. తర్వాత ఏం తిన్నాడో చెప్పేది. ఎండుచేపలు, వంకాయా కలిపి వండితే రెండోసారి అడిగి వేయించుకున్నాడని, పులుసులో ఉప్పు తక్కువైందని అలిగాడని, పొద్దున బజారుదాకా నడిచాడని. నేను అడగాల్సిన ప్రశ్నలు రెండు నిమిషాల్లో అయిపోయేవి. కబుర్లు మాత్రం చాలాసేపు సాగేవి. చెప్పుకోవడానికి సిగ్గేముంది, ఆ నెలంతటికీ నేను ఎదురుచూసేది ఆ ఆదివారం కోసమే. అతనికి ఫోన్ ఇమ్మంటే మాట సరిగ్గా రాదని సిగ్గుపడుతున్నాడనేది. అది నిజమే అయ్యుండొచ్చు కూడా, కణితి ఉన్న చోటు అలాంటిది.

చికిత్స తర్వాత రెండు స్కాన్లకు వచ్చారు, రెండూ శుభ్రంగా ఉన్నాయి. మూడోదానికి ఊరెళ్లారన్నారు. ఆ తర్వాత జ్వరమన్నారు, వానలన్నారు. ఏడాది గడిచింది, మరో ఏడాది గడిచింది, అతను బాగున్నాడు. నా జట్టులో ఇంకెవరూ అంతకాలం ఉండలేదు. మిగతావాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే, ఉర్లా మనిషి ఉన్నాడు కదా అని ధైర్యం చెప్పుకునేదాన్ని. పాఠంలో విద్యార్థులకూ చెప్పేదాన్ని. నేను పెట్టిన కాపడం వల్ల ఒక మనిషి భూమ్మీద తిరుగుతున్నాడంటే, నా బతుకు ఊరికే పోలేదన్నమాట. స్కాన్ చూడందే దేన్నీ నమ్మొద్దని జూనియర్లను చెడామడా తిట్టేది కూడా నేనే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటారు చూశారా, అదీ నా సంగతి.

ఫలితాలు అచ్చుకు పంపే సమయం వచ్చింది. అతని తాజా స్కాన్ లేకుండా కుదరదు. ఫోన్లో చెబితే మళ్లీ ఏదో వంక పెడతారని, ఒక మధ్యాహ్నం చెప్పకుండా కారు తీసుకుని ఉర్లా బయల్దేరాను, ఇద్దర్నీ ఎక్కించుకు వచ్చెయ్యాలని. ఫ్యాక్టరీల మసి ఇళ్ల గోడలమీద, ఆరేసిన బట్టలమీద పడి ఉంది. ఒకటే గది. ఆవిడ తలుపు తీసింది. ఆవిడ భుజం మీదుగా ఎదుటి గోడమీద అతని ఫోటో కనిపించింది, ప్లాస్టిక్ దండ వేసి ఉంది.

రెండో స్కాన్ తర్వాత వచ్చిన వానల్లోనే పోయాడట. రెండు రోజులు స్పృహ లేకుండా ఉండి, మూడోనాడు పోయాడట. ఆవిడ తల వంచుకుని చెప్పింది. నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఎందుకు దాచారని, నా పనంతా ఆ మనిషి మీద నిలబడి ఉందని, ఒక్క మాట చెబితే ఏం పోయేదని గుమ్మంలోనే నిలబడి గట్టిగా అరిచాను. ఆవిడ అంతా వింది.

"పోయినారని సెప్పీసినాననుకో అమ్మా, మీరు మరి ఫోను సెయ్యరు గదా," అంది. "ఆయిన బావున్నారంటేనే మీరడుగుతారు, ఏటి తిన్నారు, ఎక్కడికెల్లినారు అని. నన్నడిగినోలు ఎవులున్నారిక్కడ?"

ఆవిడ పీట వేసి కూర్చోమంది, టీ పెట్టింది. ఫోన్లో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదట. నా ఫోన్ వచ్చే ఆదివారం పొద్దున్నే లేచి అతనికి ఇష్టమైనవే ఇద్దరికి సరిపడా వండేదట. వండకుండా చెప్పాలంటే నోరు రాదంది. మిగిలింది మర్నాడు తినేదట. నా పని పాడైపోయిందా అని భయంభయంగా అడిగింది. లేదన్నాను. అందులో సగం నిజముంది. మూడు వారాలు ఆరు వారాలకేమీ తీసిపోలేదన్న ఫలితం, అతను లేకపోయినా నిలబడింది. నేను పోగొట్టుకున్నది ఫలితాన్ని కాదు, ఆ ఒక్క మనిషిని. పక్కనే నిద్రపోతున్నాడనుకుంటూ అన్నాళ్లు అతని కబుర్లు విన్నాను. ఆవిడ ఏడ్చి ఊరుకున్న చావుకి నేను ఆ రోజు కొత్తగా ఏడ్చాను.

లేచి వస్తుంటే గుమ్మందాకా వచ్చి, ఇక ఫోన్ చెయ్యరు కదా అంది. చేస్తానన్నాను.

"ఏటని సేత్తారు?" అంది.

కారెక్కి వచ్చేశాను. ఆ వారమే కంప్యూటర్లో, ఒక్కో రోగి ఎన్నాళ్లు బతికాడో ఒక్కో గీతగా చూపే గ్రాఫు సరిచేశాను. అందరికన్నా కుడివైపుకు సాగిన గీతను వెనక్కి తెచ్చి, మిగతా గీతల మధ్య ఆపేశాను. వ్యాసం వెళ్లింది, అచ్చయింది, ఇప్పుడు మా దగ్గర చాలామంది మూడు వారాలకే ఇళ్లకు వెళుతున్నారు. అందుకు నాకు సంతోషమే.

నెల తిరిగి మొదటి ఆదివారం వచ్చింది. పోయినవాళ్ల ఇళ్లకు ఫోన్ చెయ్యాలన్న నియమం ఏ పరిశోధనలోనూ లేదు. అన్నం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తలనొప్పి గురించి అడగొచ్చు, ఫిట్స్ గురించి, నిద్ర గురించి అడగొచ్చు. జబ్బు మనుషుల్ని అడగాల్సినవన్నీ నాకు కంఠతా వచ్చు. జబ్బు లేని మనిషిని ఏమడగాలో తెలియదు. చివరికి నంబరు నొక్కాను. మొదటి రింగుకు ఎత్తలేదు, చాలాసేపు మోగాక ఎత్తింది. నేనేదో పనిమీద చేశాననుకుని ఎదురుచూస్తోంది.

"ఊరికే చేసినానప్పా," అన్నాను.

అవతల ఆవిడ ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టెయ్యలేదు.