గాడులు నిండేదాకా

వీధిలో అందరూ ఆమెను వైండింగ్ అక్క అంటారు. ముందుగదిలో కిటికీ కింద ఒక బల్ల, దాని మీద పిడి ఉన్న చిన్న మిషను, పక్కన రాగి తీగ చుట్టలు, కాలిపోయిన ఫ్యాన్ల లోపలి ఇనుప చక్రాలు. ఎలక్ట్రికల్ షాపాయన కాలిన ఫ్యాను విప్పి ఆ చక్రాన్ని ఆమెకు పంపిస్తాడు. చక్రం చుట్టూ గాడులుంటాయి. ఒక్కో గాడిలో కొత్త తీగ ఇన్ని చుట్లు పడాలని లెక్క. తక్కువ పడితే ఫ్యాను వేడెక్కి మళ్లీ కాలిపోతుంది, ఎక్కువ పడితే ఈసురోమంటూ తిరుగుతుంది. లెక్క చూపించే మిషన్లు వచ్చాయి గానీ ఆమెది పాతది. లెక్క నాలుక మీదే ఉండాలి.

ఈ పని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో ఇంట్లో ఫ్యాను కాలిపోతే, పాత తీగను ఒక్కో చుట్టూ విప్పుతూ లెక్కపెట్టి, అదే లెక్కతో కొత్త తీగ చుట్టింది. మొదట తిరగలేదు. మళ్లీ విప్పి చుట్టింది. చివరికి అది తిరిగినప్పుడు, కింద నిలబడి చాలాసేపు గాలి పీల్చుకుంది.

చిక్కంతా ఎండాకాలంతోనే. ఫ్యాన్లు కాలేదీ అప్పుడే, బడికి సెలవులిచ్చేదీ అప్పుడే. భర్త టౌన్ బస్సు డ్రైవరు, పొద్దున వెళితే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. పగలంతా ఆమే, ఫ్యాన్లే, ఇద్దరు పిల్లలే. పెద్దది ఇంట్లో అందరికీ ఆజ్ఞలు జారీ చేస్తుంది కాబట్టి దొరసాని. చిన్నవాడు ఏది చెప్పినా ఎందుకంటాడు కాబట్టి ఎందుకయ్య. సెలవులిచ్చిన వారంలోనే ఇద్దరూ కలిసి ఇల్లు పీకి పందిరేశారు.

ఆ సోమవారం షాపాయన వచ్చాడు. చేతిలో నల్లగా మాడిన చక్రం. పది రోజుల కిందట ఆమె చుట్టిందే. ఆయన గొంతు పెంచే మనిషి కాదు.

“మాట పడింది నేను చెల్లెమ్మా,” అన్నాడు. “ఇంకొకటి ఇలా తిరిగొస్తే, పని వేరే చోట ఇచ్చుకోక తప్పదు.”

రాత్రి భోజనాల దగ్గర ఆమె ఈ మాట చెబితే, భర్త పిల్లల వైపు చూశాడు. పిల్లలు కాళ్లకు అడ్డం పడుతుంటే ఏ పనయినా ఎలా సాగుతుందన్నాడు. తన అక్కయ్య పిల్లల్ని ఎప్పటినుంచో రమ్మంటోందనీ, ఆదివారం తన బస్సులేని రోజు కాబట్టి దిగబెట్టి వస్తాననీ, బడి తెరిచేదాకా అక్కడే ఉంటారనీ తేల్చేశాడు. ఆ వదిన మంచి మనిషే, పిల్లలంటే ప్రాణం పెడుతుంది. అందుకే కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. దొరసాని కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

“ఆదివారం దాకా చూద్దామండీ,” అని మాత్రం అంది ఆమె.

మర్నాడు టీవీ పెట్టి కూర్చోబెట్టింది. రిమోటు కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. తీగ ముక్కలిచ్చి బొమ్మలు చేసుకోమంది. ఆ ముక్కలు వంటింటి తూములో తేలాయి. కేకలేసింది. కేకలేసినంతసేపూ లెక్క ఆగిపోయింది, పైగా ఇద్దరూ ఏడుపు లంకించుకున్నారు. మధ్యాహ్నానికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఏడ్చి అలిసి ఇద్దరూ కాసేపు పడుకున్నప్పుడు, ఆ కాస్త నిశ్శబ్దంలో ఆమెకు ఒకటి తట్టింది. ఎందుకయ్య వచ్చి అడిగే ప్రశ్నలకు జవాబులు వాడికి పెద్దగా అక్కర్లేదు. “చీమలు నిద్రపోతాయా?” అని అడుగుతాడు గానీ కళ్లు బల్ల మీదే ఉంటాయి. అమ్మ పని అయిందా లేదా అన్నదే వాడికి కావలసింది. “ఇంకాసేపు” అని ఆమె అన్నప్పుడల్లా ఆ కాసేపు ఎంతో ఆమెకు తెలుసు, వాళ్లకు తెలియదు. వాళ్ల దృష్టిలో ఆ పిడి బడి తెరిచేదాకా తిరుగుతూనే ఉంటుంది.

బల్లను కిటికీ కింద నుంచి లాగి గుమ్మానికి ఎదురుగా వేసింది. ఇద్దరినీ పిలిచి చక్రం చూపించింది. ఇవిగో గాడులు, ఇవన్నీ ఖాళీ. ఒక్కోటీ తీగతో నిండుతుంది. అన్నీ నిండాక నేను లేస్తాను, లేచాక మీరు ఏ ఆటంటే ఆ ఆట. అవి నిండేదాకా నన్ను పలకరించకూడదు, దెబ్బ తగిలితే తప్ప. దొరసాని వెంటనే బేరం పెట్టింది, ఆట మధ్యలో ఎవరొచ్చినా అమ్మ లేవకూడదని. ఆమె ఒప్పుకుంది.

మొదటి రోజు ఇద్దరూ గుమ్మంలోనే గుడ్లప్పగించి కూర్చున్నారు. రెండో రోజుకు చూడ్డం విసుగొచ్చింది. వచ్చి ఎన్ని గాడులు మిగిలాయో చూసుకుని, దానికి సరిపడా పని వెతుక్కోవడం మొదలుపెట్టారు. నాలుగు గాడులు మిగిలితే బొమ్మ వేయొచ్చు. రెండే మిగిలితే బొమ్మ మొదలుపెట్టడం దండగ, గోళీలు చాలు. ఎందుకయ్య స్నానం మూడు గాడులకు సాగుతోందని దొరసాని ఫిర్యాదు చేసింది. గురువారం వాడు నియమం మరిచి చుట్టు మధ్యలో ఏదో అడిగేశాడు. లెక్క పోయింది. ఆమె కేకలేయకుండా ఆ గాడిలో తీగ మొత్తం విప్పేసి మొదటినుంచీ చుట్టింది. నిండుతున్న గాడి మళ్లీ ఖాళీ అవడం చూసి వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

శనివారం దాగుడుమూతలు. ఆమె మంచం కింద దూరి ఉండగా వాకిట్లో షాపాయన గొంతు వినిపించింది. పక్క వీధి ఆసుపత్రిలో ఫ్యాను కాలిందట, ఒక ముసలాయన చెమటలు కక్కుతున్నాడట, చక్రం వెంటనే కావాలట. మొన్న ఆయన మాట పడింది కూడా అక్కడే.  ఆమె బయటికి రాబోయింది గానీ, అటు గోడవైపు ఎందుకయ్య ఇంకా అంకెలు లెక్కపెడుతున్నాడు.

“కూర్చోండి అన్నయ్యా,” అంది మంచం కిందనుంచే. “వీడు నన్ను పట్టుకోగానే వస్తాను.”

షాపాయన బిత్తరపోయి, గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియక గది నాలుగు మూలలూ చూశాడు. ఎందుకయ్య అటే వచ్చి వంగి చూసి, అమ్మను కాలు పట్టి లాగాడు. జుట్టంతా దుమ్ముతోనే ఆమె మిషను ముందు కూర్చుంది. చుట్టినంతసేపూ ఇంట్లో ఎవరూ నోరు మెదపలేదు. షాపాయన ఏదో చెప్పబోతే దొరసాని ఆయన వైపు వేలు చూపించి, ఆ వేలునే పెదాల మీద పెట్టుకుంది.  పనయ్యాక ఆయన చక్రాన్ని తిప్పి తిప్పి చూసి, ఇంత వేగంగా ఎప్పుడూ చుట్టలేదే అన్నాడు. మొన్నటి సంగతి మాత్రం ఎత్తలేదు.

రాత్రి భర్త వచ్చి అటక మీంచి సంచి దింపాడు. పిల్లల బట్టలు అందులో పెడుతుంటే ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. ఈ మాట సోమవారమే చెప్పాల్సింది.

“ఆ ఫ్యాను కాలింది, చుట్టేటప్పుడు చిన్నవాడు పలకరించినందుకు కాదండీ. లెక్క పోయాక విప్పి చుట్టాలి. విప్పితే ఆలస్యమవుతుందని నేనే ఉజ్జాయింపుగా చుట్టేశాను. తప్పు నాది, పంపేది వాళ్లనా?”

ఆయన చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. గుమ్మంలో దొరసాని తమ్ముడి భుజం పట్టుకుని నిలబడి ఉంది.  రోజంతా నీ ఒక్కదానివల్ల ఎలా అవుతుందన్నాడు తండ్రి, కసురుతున్నట్టు కాదు, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు. రోజంతా అవదు, గాడులు నిండేదాకా అవుతుందని ఆమె చెప్పింది. డిపోలో అడిగి తెల్లవారుజాము డ్యూటీ వేయించుకుంటే మధ్యాహ్నానికల్లా ఇంటికి రావచ్చని ఆయన అన్నాడు. అప్పుడు కొన్ని ఆటలు నా వంతు వేయి, నువ్వు ఫ్యాన్లు ఇంకో నాలుగు తీసుకోవచ్చు అని కూడా అన్నాడు.

అక్కయ్యకు ఫోన్ చేసి, పిల్లలు రావడం లేదు, నువ్వే ఓ వారం వచ్చి ఉండమన్నాడు. ఆ తర్వాత సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటే తీశాడు. ఏది ఏ అరలో పెట్టాలో ఆయనకు తెలియలేదు. దొరసాని నడుం మీద చేతులు పెట్టుకుని, నాన్న తప్పు అరలో పెట్టినవన్నీ మళ్లీ తీయించి పెట్టించింది.